పక్క ఊరి మైదానం: బడి ఆటల వనరులు పంచుకోవాలంటే ఏం కావాలి?

అమ్మాయిల వంద మీటర్ల హర్డిల్స్‌లో ఒక్కో లేనుకు 10 హర్డిల్స్ ఉంటాయి. పరుగు మొదలయ్యే గీత నుంచి 13 మీటర్ల దూరంలో మొదటిది, ఆ తర్వాత ప్రతి 8.5 మీటర్లకు ఒకటి. ఎనిమిది లేన్లు నింపాలంటే 80 కావాలి. నాలుగు వందల మీటర్ల ట్రాక్ వేయాలంటే సుమారు 4 ఎకరాల చదును నేల ఉండాలి. ఇవన్నీ సొంతంగా ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలు దొరకడం కష్టం. అయినా ఆ ఆటలో తెలుగు అమ్మాయి ఆసియా విజేత అయింది.

విశాఖపట్నం పోర్ట్ హైస్కూల్లో చదివిన జ్యోతి యర్రాజిలో హర్డిల్స్‌కు తగిన పొడవు ఉందని మొదట గమనించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడే. 2016లో ఆమె హైదరాబాద్‌లోని సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రానికి వెళ్లింది. అక్కడి నుంచి గుంటూరు, ఆ తర్వాత ఒడిశాలోని భువనేశ్వర్. 2023లో బ్యాంకాక్ ఆసియా ఛాంపియన్‌షిప్‌లో స్వర్ణం గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల హర్డిల్స్ పరిగెత్తిన తొలి భారతీయురాలైంది. ఒక బడిలో పడిన చూపు, మూడు రాష్ట్రాల మైదానాలు కలిస్తే ఆ పరుగు తయారైంది.

అయితే ఈ ప్రయాణం మొదలయ్యింది ఆమెలోని ప్రతిభ ఎవరో ఒకరి కంట పడ్డాక. అలా ఎవరి కంటా పడని పిల్లల సంగతే అసలు ప్రశ్న. నలభై మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు, ఊరి మధ్య చిన్న ఆవరణ ఉన్న ప్రాథమిక బడికి పక్క ఊరి మైదానం, పక్క ఊరి పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు), పక్క ఊరి ఆట సామాను ఏ దారిన అందుతాయి? పంచుకోవాలనే మాట మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఎవరు ప్రయాణం చేయాలి, ఆ ఖర్చు ఎవరిది, దారిలో బాధ్యత ఎవరిది అన్న దగ్గరే. బడి ఆటల మీద వచ్చిన పథకాల్లో ఎక్కువ భాగం ఈ మూడు ప్రశ్నలను వదిలేసే నడిచాయి.

ఆలోచన కొత్తదేమీ కాదు. 1964-66 నాటి కొఠారీ కమిషనే స్కూల్ కాంప్లెక్స్ అన్న ఊహను ముందుకు తెచ్చింది. ఒక హైస్కూలు, దాని చుట్టూ ఉన్న చిన్న బడులు ఒక కుటుంబంలా కలిసి పనిచేయాలన్నది ఆ ఊహ. 2020 జాతీయ విద్యా విధానం దాన్ని మళ్లీ తీసుకుని, 5 నుంచి 10 కిలోమీటర్ల పరిధిలోని బడులు ల్యాబులు, లైబ్రరీలతో పాటు మైదానాలు, ఆట సామాను, వ్యాయామ ఉపాధ్యాయులను కూడా పంచుకోవాలని చెప్పింది. ఎందుకు చెప్పాల్సి వచ్చిందో కూడా ఆ పత్రంలోనే ఉంది. 2016-17 లెక్కల ప్రకారం దేశంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో 28 శాతం బడుల్లో పిల్లలు 30 మంది కూడా లేరు. ఒక్క టీచరుతో నడిచే బడులు 1,08,017. ఇలాంటి బడులన్నిటికీ విడివిడిగా పీఈటీని, మైదానాన్ని ఇవ్వడం ఏ ప్రభుత్వం వల్లా కాదు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో స్కూల్ కాంప్లెక్సులు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఒక హైస్కూలు కేంద్రంగా చుట్టుపక్కల ప్రాథమిక, ప్రాథమికోన్నత బడులు ఉంటాయి. కాంప్లెక్స్ హెచ్ఎం (హెడ్మాస్టరు) ఉంటారు, బడుల మధ్య సమన్వయం చూసే సీఆర్పీ ఉంటారు, కాంప్లెక్స్ సమావేశాలు జరుగుతాయి. అంటే ఎముకల గూడు సిద్ధంగానే ఉంది. కానీ ఆ గూటిలో తిరిగేది ఎక్కువగా కాగితం: యూడైస్ (బడుల గణాంకాల) వివరాలు, పరీక్ష పేపర్లు, శిక్షణ సమాచారం. ఆటల విషయంలో బడులన్నీ ఒకచోట చేరేది ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) మండల స్థాయి పోటీలప్పుడే. ఏడాదంతా విడివిడిగా ఉండి, ఒకటి రెండు రోజులు పోటీపడి, మళ్లీ ఎవరి బడికి వాళ్లు వెళ్లిపోతారు. పోటీకి ఉన్న కలయిక సాధనకు లేదు. ఇది తలకిందుల పద్ధతి.

సామాను సంగతి చూడండి. బడి విద్యకు కేంద్రం, రాష్ట్రాలు కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం కింద ఆటల గ్రాంటు ఏడాదికి ప్రాథమిక బడికి 5,000, ప్రాథమికోన్నత బడికి 10,000, హైస్కూలుకు 25,000 రూపాయల వరకు ఉంది. ఒక హైస్కూలు, రెండు ప్రాథమికోన్నత బడులు, ఎనిమిది ప్రాథమిక బడులు ఉన్న కాంప్లెక్స్ అనుకుందాం. మొత్తం కలిపితే 85,000 రూపాయలు. ఆ డబ్బు ఒకచోట ఖర్చుపెడితే హైజంప్ స్టాండు, దాని కింద వేసే ఫోమ్ బెడ్డు, ఒక లేనుకు సరిపడా హర్డిల్స్, పిల్లల బరువుకు తగిన షాట్‌పుట్ గుండ్లు వంటివి నాలుగైదేళ్లలో ఒక్కొక్కటిగా అమరుతాయి. కానీ గ్రాంటు వచ్చేది ఏ బడికి ఆ బడి ఖాతాలో. లెక్క చూపాల్సిందీ ఏ బడికి ఆ బడే. అందుకే పదకొండు బడులు పదకొండు సార్లు ఇంచుమించు ఒకే రకం సామాను కొంటాయి: స్కిప్పింగ్ తాళ్లు, రింగులు, ప్లాస్టిక్ బంతులు, ఒక క్యారమ్ బోర్డు. ఇవి పిల్లలకు అవసరమే, కాదనలేం. ఏ బడీ ఒంటరిగా కొనలేని సామాను మాత్రం ఏ బడికీ రాదు.

వచ్చిన సామాను కూడా చాలా చోట్ల బీరువా దాటదు. తప్పు హెడ్మాస్టర్లదే అనేయడం తేలిక. కానీ స్టాక్ రిజిస్టర్‌లో రాసిన బంతి పగిలినా, నెట్ చిరిగినా, ఆడిటప్పుడు జవాబు చెప్పుకోవాల్సింది ఆ హెచ్ఎమ్మే. సొంత బడి పిల్లలకు ఇవ్వడానికే ఇంత టెన్షన్ ఉన్నప్పుడు పక్క బడికి ఎలా ఇస్తారు? బంతి అరిగిపోవడానికే పుట్టిన వస్తువని నియమాల్లోనే రాయాలి. కాంప్లెక్స్ పేరు మీద వేరే రిజిస్టర్ ఉండాలి. ఏ వారం ఏ బడిలో ఏ సామాను ఉందో అందులో రాసి, అరిగినవి ఏడాది చివర కాంప్లెక్స్ సమావేశంలోనే కొట్టివేయగలగాలి. ఇంత చిన్న మార్పు ఎన్ని బీరువాలు తెరిపిస్తుందో కాంప్లెక్స్ హెచ్ఎమ్‌లకు బాగా తెలుసు.

అన్నిటికంటే అరుదైన వనరు మాత్రం మైదానమూ కాదు, సామానూ కాదు. వ్యాయామ ఉపాధ్యాయుడి సమయం. విద్యా హక్కు చట్టం షెడ్యూలు 6 నుంచి 8 తరగతుల్లో వంద మందికి పైగా పిల్లలుంటేనే వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలంటుంది. ఒకటి నుంచి అయిదో తరగతి వరకు ఆ మాటే లేదు. పరిగెత్తడం, దూకడం, విసరడం, పట్టుకోవడం, ఒంటికాలి మీద నిలదొక్కుకోవడం ఒంటికి పట్టే వయసు సరిగ్గా అదే. ఆ వయసు దాటించి, ఆరో తరగతిలో పీఈటీ చేతికి అప్పగిస్తున్నాం.

అయితే హైస్కూలు పీఈటీని ప్రాథమిక బడులకు పంపితే సరిపోతుందా? లెక్క వేస్తే పరిస్థితి కనిపిస్తుంది. వారానికి రెండు మధ్యాహ్నాలు ఆయనను బయటికి పంపారనుకుందాం. పది బడులు తిరిగిరావడానికి అయిదు వారాలు పడుతుంది. ప్రాథమిక తరగతులకు చట్టం చెప్పిన 200 పనిదినాల్లో ఒక్కో బడికి ఆయన వెళ్లగలిగేది ఆరేడు సార్లు. అయిదు వారాలకోసారి వచ్చే డ్రిల్ సార్ పిల్లలకు ఆట నేర్పలేరు, కానీ అక్కడి టీచర్లకు నేర్పగలరు. ఈ తేడా చాలా ముఖ్యం. ప్రాథమిక తరగతులు చెప్పే ఎస్‌జీటీ టీచరమ్మకు వచ్చే అయిదు వారాల ఆటల ప్రణాళిక ఇచ్చి, ఒకసారి చేసి చూపించి, ఆవరణలో సున్నం గీతలు గీయించి, కుంటుతూ పరిగెత్తే పిల్లవాడి కాలి సంగతి, చుట్టుపక్కల వాళ్లకంటే జానెడు ఎక్కువ దూకే పిల్ల పేరు రాసుకుని రావడం ఆయన పని కావాలి. జ్యోతి పొడవును గమనించిన చూపు అలాంటిదే. ఆ చూపు అయిదు వారాలకోసారైనా ప్రతి ప్రాథమిక బడిలో పడాలి.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. పీఈటీ బయటికి వెళ్లిన ఆ రెండు మధ్యాహ్నాలు హైస్కూలు పిల్లల గేమ్స్ పీరియడ్ ఎవరు చూడాలి? ఏ హెచ్ఎమ్మయినా మొదట అడిగేది ఇదే. క్రమశిక్షణ దగ్గరి నుంచి ప్రార్థన వరకు బడిలో పీఈటీ భుజాన ఉన్న పనులు ఒకటి రెండు కావు. ఈ ప్రశ్నకు డబ్బుతో జవాబు చెప్పిన దేశం ఒకటుంది. దాని కథలో గెలుపూ ఉంది, ఓటమీ ఉంది. రెండూ మనకు పనికొచ్చేవే.

ఇంగ్లాండ్‌లో 2000 తర్వాత బడుల క్రీడా భాగస్వామ్యాలు మొదలయ్యాయి. ఒక స్పోర్ట్స్ కాలేజీ కేంద్రంగా ఎనిమిది వరకు సెకండరీ బడులు, వాటి చుట్టూ సుమారు 45 ప్రైమరీ, ప్రత్యేక అవసరాల బడులు ఒక గుంపు. ఇలాంటి గుంపులు దేశమంతటా 450 ఏర్పడ్డాయి. ప్రతి గుంపుకు పూర్తికాలం పనిచేసే ఒక నిర్వాహకుడు ఉండేవాడు. ప్రతి సెకండరీ బడి నుంచి ఒక వ్యాయామ ఉపాధ్యాయుడిని వారానికి రెండు రోజులు తరగతుల నుంచి తప్పించి సమన్వయకర్తగా పెట్టేవారు. ప్రైమరీ బడిలో ఒక టీచరుకు ఏడాదికి 12 రోజులు ఇదే పని మీద వెళ్లడానికి అనుమతి ఉండేది. అలా ఖాళీ అయిన తరగతులకు వేరే టీచరును పెట్టుకునే డబ్బు ప్రభుత్వమే ఇచ్చేది. ఏడాదికి 16.2 కోట్ల పౌండ్ల ఆ ఖర్చులో ముఖ్యంగా కొన్నది బంతులను కాదు, మనుషుల సమయాన్ని. 2002లో వారానికి రెండు గంటల ఆట అందే పిల్లలు నలుగురిలో ఒకరని అంచనా. దశాబ్దం చివరికి అది పదిమందిలో తొమ్మిది మందికి చేరింది.

2010 అక్టోబరులో కొత్త ప్రభుత్వం ఆ నిధులు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. టీచర్లు, క్రీడాకారులు, పిల్లలు గట్టిగా నిరసన తెలిపారు. దాంతో కొంత వెనక్కి తగ్గి, సెకండరీ బడి వ్యాయామ ఉపాధ్యాయుడు వారానికి ఒక్క రోజు బయటికి వెళ్లేలా 2013 వరకు డబ్బు ఇచ్చారు. 2013లో డబ్బు మళ్లీ వచ్చింది, ఏడాదికి 15 కోట్ల పౌండ్లు. కానీ ఈసారి ఏ ప్రైమరీ బడి వాటా ఆ బడికే నేరుగా. చాలా బడులు ఆ డబ్బుతో బయటి కోచ్‌లను పెట్టుకున్నాయి. కొన్ని ప్రాంతాల్లో బడులు తమ వాటాలోంచి చందాలు వేసుకుని పాత భాగస్వామ్యాన్ని బతికించుకున్నాయి. మిగతా చోట్ల అల్లిక విడిపోయింది. మొత్తం డబ్బులో తేడా తక్కువే. ఎవరి ఖాతాలో పడిందన్నదే తేడా. మన సమగ్ర శిక్ష గ్రాంటు మొదటి నుంచీ ఆ రెండో పద్ధతిలోనే ఉంది.

వారానికి రెండు రోజులు విడుదల చేయడం మన దగ్గర కుదరదనే వాదన వస్తుంది. నిజానికి కుదిరిన ఉదాహరణ మన మండలాల్లోనే ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం రెండు రాష్ట్రాల్లోనూ భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. వాటి టీచర్లను ఆంధ్రప్రదేశ్‌లో ఐఈఆర్‌టీలు అంటారు, తెలంగాణలో ఐఈఆర్‌పీలు. వీళ్లు ఒక్క బడికి చెందినవాళ్లు కాదు. కేంద్రంలో పనిచేస్తూ, చుట్టూ ఉన్న బడులకూ, కదల్లేని పిల్లల ఇళ్లకూ వెళ్తారు. ఫిజియోథెరపిస్టు నిర్ణీత రోజున కేంద్రానికి వస్తారు. పిల్లలకు రవాణా భత్యం ఉంది, వెంట వచ్చే మనిషికి ఎస్కార్ట్ భత్యం ఉంది. అంటే ఎవరు ప్రయాణిస్తారు, ఖర్చెవరిది, తోడెవరు అన్న మూడు ప్రశ్నలకూ విద్యాశాఖ ఒక విభాగంలో ఇప్పటికే జవాబు రాసి పెట్టింది. ఆ ఏర్పాటులో లోటుపాట్లు లేవని కాదు. కానీ ఆటలకు కొత్తగా ఏదో కనిపెట్టాల్సిన పని లేదు, భవిత నమూనాను పక్క గదిలోకి తీసుకెళ్తే చాలు. పైగా ఈ రెండూ కలవాల్సినవే. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి మేధో వైకల్యం ఉన్నవారి 400 మీటర్ల పరుగులో 2024 పారిస్ పారాలింపిక్స్ కాంస్యం గెలిచింది. అదే కల్లెడ గ్రామం 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు ప్రణీత అనే ఆర్చర్‌ను పంపింది. ఒక పల్లెలో బడి, మైదానం, నేర్పేవాళ్లు ఒకచోట కలిసినప్పుడు ఏం సాధ్యమో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? మండలంలో మిగతా ఊళ్ల పిల్లలకు అలాంటి చోటు రోజూ అందుబాటులో ఉండే ఏర్పాటే ఇంకా కావాల్సింది.

పిల్లలు ప్రయాణించడం అన్నిటికంటే సున్నితమైన విషయం. మైదానం కదలదు కాబట్టి పిల్లలే రావాలనుకోవడం సహజం. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జీవో 117 కింద 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించినప్పుడు ఊళ్లలో వచ్చిన వ్యతిరేకతను మరిచిపోకూడదు. దూరం, హైవే దాటడం, ఆటో, అమ్మాయిల భద్రత, ఇవే తల్లిదండ్రుల మాటలు. ఒక కిలోమీటరు కూడా అమ్మకు చాలా దూరమే. అందుకే చిన్న తరగతులకు టీచరు, సామాను కదలాలి. పెద్ద పిల్లలు కదలాలి, అదీ రోజూ కాదు, టైమ్‌టేబుల్‌లో రాసిన రోజున. కబడ్డీ, ఖోఖో కోర్టులు చిన్న ఆవరణల్లోనూ పడతాయి. ఖోఖోకు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు చాలు. వాటి కోసం పక్క ఊరికి వెళ్లనక్కర్లేదు. ట్రాక్, త్రోలు, ఫుట్‌బాల్, హాకీలకే పెద్ద మైదానం కావాలి.

వెళ్లే రోజున ఏమేం చూడాలో అనుభవం ఉన్న టీచర్లకు వేరే చెప్పక్కర్లేదు. మధ్యాహ్న భోజనం ఎక్కడ తింటారు, ఆ లెక్క ఏ బడిలో రాస్తారు. అమ్మాయిల వెంట టీచరమ్మ ఉన్నారా. మైదానం పక్కన నీళ్లు, తలుపు పడే టాయిలెట్ ఉన్నాయా. దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది. ఈ చివరి ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు లేనంతకాలం ఏ హెచ్ఎమ్మూ ధైర్యంగా పిల్లల్ని గేటు దాటించరు, దాటించమని అడగడం కూడా న్యాయం కాదు. అమ్మాయిల విషయంలో కస్తూర్బా విద్యాలయాలు మంచి కేంద్రాలు కాగలవు. ప్రహరీ ఉంటుంది, మహిళా సిబ్బంది ఉంటారు, పీఈటీ ఉంటారు. చుట్టుపక్కల హైస్కూళ్ల అమ్మాయిలు వారానికి ఒక పూట అక్కడికి వెళ్లడానికి ఇళ్లలో ఒప్పించడం తేలిక.

తెలంగాణలో 2022 జూన్ 2 నుంచి ఊరూరా క్రీడా ప్రాంగణాలు వచ్చాయి. కొన్ని బాగా వాడుతున్నారు, కొన్ని ఊరికి దూరంగా ఉండి గడ్డి పెరిగాయి. బడికి దగ్గరగా ఉన్న ప్రాంగణాన్ని బడి వేళల్లో గేమ్స్ పీరియడ్‌కు, సాయంత్రం ఊరి యువతకు ఇవ్వడం, బడి మైదానాన్ని సెలవుల్లో ఊరికి తెరవడం పంచాయతీ, హెచ్ఎం కూర్చుని మాట్లాడుకుంటే తేలే పని.

చిన్న బడులకు జట్టు సమస్య వేరే ఉంది. కబడ్డీకి ఏడుగురు కావాలి. పద్నాలుగేళ్లలోపు అమ్మాయిలు మొత్తం అయిదుగురే ఉన్న ప్రాథమికోన్నత బడి ఏ పోటీకీ వెళ్లలేదు. వాళ్లలో ఒక మంచి రైడర్ ఉన్నా ఎవరికీ తెలియదు. పిల్లల సంఖ్య తగ్గిపోతున్న జపాన్‌లో రెండు మూడు బడులు కలిసి ఉమ్మడి జట్టుగా పోటీల్లో దిగే వీలు ఇచ్చారు. 2023 నుంచి జూనియర్ హైస్కూలు క్లబ్బుల వారాంతపు సాధనను బడుల నుంచి స్థానిక సంస్థలకు మార్చే పని కూడా పెట్టుకున్నారు. మండల స్థాయిలో చిన్న బడులకు ఇలాంటి ఉమ్మడి జట్టును ఒప్పుకోవడానికి రూపాయి ఖర్చు లేదు.

ఇక సరిహద్దులు. మండలాల మధ్య గీత దాటడమే కష్టమైతే రాష్ట్రాల మధ్య గీత ఇంకెంత కష్టం? భద్రాచలం, ఎటపాక చూడండి. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది. సంతకు, ఆసుపత్రికి, బస్సుకు జనం ఇవతలికీ అవతలికీ రోజూ తిరుగుతూనే ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి, ఎటపాకకు జిల్లా కేంద్రం పాడేరు అయింది. 2025 చివర్లో ఎటపాక కొత్త పోలవరం జిల్లాలోకి వెళ్లి, జిల్లా కేంద్రం రంపచోడవరం అయింది. ఎటపాక పిల్లలకు జిల్లా స్థాయి అంటే ఇప్పటికీ కొండలు దాటే దూర ప్రయాణం, భద్రాచలం మైదానం మాత్రం ఆటోలో వెళ్లే దూరం. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం కూడా అంతే. ఒడిశాలోని బరంపురం సుమారు పాతిక కిలోమీటర్లు, సొంత జిల్లా కేంద్రం శ్రీకాకుళం వంద దాటుతుంది.

నవోదయ విద్యాలయాలు ఈ గీతల్ని ఎప్పుడో దాటాయి. హైదరాబాద్ రీజియన్ కింద ఆంధ్రప్రదేశ్, తెలంగాణతో పాటు కర్ణాటక, కేరళ నవోదయలు కూడా ఉన్నాయి. అక్కడి పిల్లలు క్లస్టర్ మీట్ ఆడి, రీజనల్ మీట్‌లో పక్క రాష్ట్రాల పిల్లలతో ఆడతారు. వాళ్లను నడిపే కార్యాలయం ఒకటే కావడం వల్ల అది సాధ్యమైంది. రాష్ట్ర ప్రభుత్వ బడులకు ఆ వీలు లేదు కాబట్టి సరిహద్దు మండలాల కోసం ప్రత్యేకంగా ఒక ఒప్పందం కావాలి.

అది పెద్ద ఒప్పందం కానక్కర్లేదు. అంతర్రాష్ట్ర ఒప్పందం అనగానే సచివాలయాల దాకా ఫైలు వెళ్లాలనుకుంటారు కానీ ఇక్కడ పంచుకునేది నీళ్లూ కాదు, ఆస్తులూ కాదు. వారంలో రెండు సాయంత్రాల మైదానం, ఒక పీఈటీ పర్యవేక్షణ. ఎవరి పిల్లవాడిని ఎవరు ఎగరేసుకుపోతారనే అనుమానానికి జవాబు ఎస్‌జీఎఫ్ పోటీల పద్ధతిలోనే ఉంది: పిల్లవాడు చదివే బడి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం తరఫునే ఆడతాడు. ఎటపాక పిల్ల భద్రాచలంలో సాధన చేసినా ఆడేది ఆంధ్రప్రదేశ్ జట్టుకే. ఆ మాట, దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిదన్న మాట, తోడు వచ్చే టీచరు డ్యూటీ లెక్కలోకి వస్తుందన్న మాట ఒక పేజీలో రాసి, రెండు జిల్లాల డీఈవోలు (జిల్లా విద్యాధికారులు) జూన్‌లో, బడులు టైమ్‌టేబుల్ వేసుకునే లోపే సంతకం పెట్టాలి. ఆగస్టులో ఎంపికల హడావిడి మొదలయ్యాక వచ్చే ఉత్తర్వు ఆ ఏడాది పిల్లలకు పనికిరాదు.